కొడుకులు చూడకపోతే ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టడం ఎలా

మా పెద్దమ్మ చేత అర్జీ రాయించిన రోజులు నాకు బాగా గుర్తు. పేరు, వయసు, ఊరు, మందుల ఖర్చు అన్నీ గబగబా చెప్పేసింది. "ఎవరి మీద పెడుతున్నాం?" అన్న దగ్గరికి వచ్చేసరికి నోరు పెగల్లేదు. "వాడి పేరు రాయకుండా కుదరదా నాయనా?" అంది. కుదరదు. ఆ ఒక్క పేరు రాయడానికి మూడు వారాలు పట్టింది. మిగతా పనంతా రెండు పూటల్లో అయిపోయింది.

మీరు మీకోసమే ఇది చదువుతున్నా, అమ్మ కోసమో పక్కింటి తాతగారి కోసమో చదువుతున్నా ముందు ఒక మాట. ఇది క్రిమినల్ కేసు కాదు. అర్జీ పెట్టగానే కొడుకుని జైల్లో వేస్తారన్న భయంతో చాలామంది తల్లులు గడప దాటరు. అలాంటిదేమీ జరగదు. నోటీసు ఇచ్చి పిలుస్తారు, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతారు, నెలకు ఇంత ఇవ్వాలని ఆర్డర్ వేస్తారు. డబ్బు కట్టమని ఆర్డర్ వేశాక కూడా కట్టకుండా మొండికేస్తేనే వారంటు దాకా వెళ్తుంది. ఈ సంగతి పెద్దవాళ్లకు నెమ్మదిగా, రెండు మూడుసార్లు చెప్పండి. తొందరపెట్టి సంతకం చేయిస్తే మొదటి వాయిదాకే "మా వాడు మంచోడేనండీ" అని వెనక్కి తీసుకుంటారు.

ముందు మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి

దీనికి ఆధారం తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. 2007లో పార్లమెంటు చేసింది. అంతకుముందు మేజిస్ట్రేట్ కోర్టులో మనోవర్తి కేసు వేసుకోవడమే పెద్ద దిక్కు. ఆ దారి ఇప్పటికీ ఉంది కానీ రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. నా సలహా ఆర్డీవో దారే. దగ్గర, ఖర్చు తక్కువ, గడువులు చట్టంలోనే రాసి ఉన్నాయి.

సొంత సంపాదనతోనో ఆస్తితోనో బతుకు గడవని తల్లి గానీ తండ్రి గానీ అర్జీ పెట్టొచ్చు. తల్లిదండ్రులకు వయసు పరిమితి లేదు. 55 ఏళ్ల తల్లి కూడా పెట్టొచ్చు. కన్నవాళ్లే కానక్కర్లేదు, పెంచుకున్నవాళ్లు, సవతి తల్లి, సవతి తండ్రి కూడా చట్టం లెక్కలో తల్లిదండ్రులే. పిల్లలు లేనివాళ్లైతే 60 నిండి ఉండాలి. వాళ్ల ఆస్తి ఇప్పటికే అనుభవిస్తున్న లేదా రేపు వారసత్వంగా పొందబోయే బంధువు మీద పెట్టుకోవచ్చు.

ఎవరి మీద అంటే కొడుకులు, కూతుళ్లు, మేజరైన మనవలు, మనవరాళ్లు. కూతురికి పెళ్లయినా బాధ్యత పోదు. కోడలు, అల్లుడు మాత్రం ఈ జాబితాలో లేరు. వాళ్లనూ చేర్చాలని 2019లో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. కాబట్టి గొడవంతా కోడలితోనే అయినా అర్జీలో పేరు కొడుకుదే రావాలి.

కొడుకు అమెరికాలో ఉన్నాడా? విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ ఈ చట్టం వర్తిస్తుందని అందులోనే రాసుంది. ఆచరణలో సమన్లు చేరడం ఆలస్యమవుతుంది. అడ్రసు, వాట్సాప్ నంబరు, మెయిల్ ఐడీ, అన్నీ ముందే సంపాదించి పెట్టుకోండి.

ఖర్చు లెక్క: దీని మీదే సగం గెలుపు

చాలామంది అర్జీలో "నెలకు 10,000 ఇప్పించండి" అని రాసేస్తారు. ఎందుకు పదివేలో చెప్పరు. ఎదుటివాడు "ముసలావిడకి అంత ఖర్చేముందండీ, పైగా పెన్షన్ వస్తోందిగా" అంటే సమాధానం ఉండదు. చట్టంలో పోషణ అంటే తిండి, బట్ట, ఉండటానికి చోటు, వైద్యం. ఈ నాలుగూ పట్టుకుని ఒక తెల్లకాగితం మీద లెక్క వేయండి. పెద్దమ్మకు మేం వేసిన లెక్క ఇది:

బియ్యం, పప్పులు, నూనె, కూరగాయలు 3,800
పాలు 1,000
బీపీ, షుగర్ మందులు 2,300
ఇంటి అద్దె 3,500
కరెంటు, గ్యాస్ 1,100
ఆటో, ల్యాబ్ టెస్టులు 800

మొత్తం 12,500. ఆంధ్రాలో వృద్ధాప్య పెన్షన్ 4,000 వస్తుంది కాబట్టి అది తీసేసి 8,500 అడిగాం. పెన్షన్ సంగతి దాచకుండా మేమే ముందు రాసేయడంతో ఆ వాదన ఎదుటివాళ్ల చేతిలోంచి జారిపోయింది. మందుల షాపు బిల్లులు మూడు నెలలవి పిన్ను కొట్టి పెట్టాం. బిల్లు అడిగితే షాపువాడు "ఇన్నాళ్లు లేంది ఇప్పుడెందుకమ్మా" అన్నాడట. మీరు మాత్రం ఈ నెల నుంచే అడిగి తీసుకోండి.

ట్రిబ్యునల్ (ఆర్డీవో ఆఫీసులో ఈ అర్జీలు విచారించే మండలి) వేయగల భరణానికి చట్టంలో పైపరిమితి ఉంది, నెలకు 10,000. 2007లో పెట్టిన అంకె ఇప్పటికీ అదే. ఇంతకంటే ఎక్కువ ఖర్చు ఉన్నా లెక్క మాత్రం నిజమే రాయండి.

అర్జీ రాయడం

ఒకటిన్నర పేజీ చాలు. తెలుగులో రాయండి. "గౌరవనీయులైన రెవెన్యూ డివిజనల్ అధికారి గారికి" అని మొదలుపెట్టి, చట్టం పేరు, 2007 అన్న సంవత్సరం "విషయం" అన్న లైనులో రాయండి. అర్జీదారు పేరు, వయసు, పూర్తి అడ్రసు, ఫోన్ నంబరు. తర్వాత పిల్లలందరి పేర్లు, వాళ్ల అడ్రసులు, ఏం చేస్తున్నారు, సుమారుగా ఎంత సంపాదిస్తున్నారు.

పిల్లలందరి పేర్లూ రాయాలా, చూడనివాడి పేరు ఒక్కటి చాలదా అని అడుగుతారు. ఒక్కడి మీదే పెట్టొచ్చు. కానీ అతను వచ్చి "నాకొక్కడికేనా బాధ్యత, చెల్లెలు లేదా, తమ్ముడు లేడా" అని వాళ్లనూ ఇందులోకి లాగే హక్కు చట్టమే ఇచ్చింది. అప్పుడు వాయిదాలు పెరుగుతాయి. బాగా చూసుకుంటున్న కూతురు ఉంటే ఆమె ఏం చేస్తోందో అర్జీలోనే ఒక వాక్యం రాయండి.

ఇక జరిగిన సంగతి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. కోపమంతా కాగితం మీద కుమ్మరిస్తారు. "నా కొడుకు రాక్షసుడు, పెళ్లాం మాట విని నన్ను కుక్కలా తరిమాడు" అని రాస్తే చదివే గుమస్తాకు జాలి కలుగుతుందేమో గానీ ఆర్డర్ రాయడానికి ఏమీ దొరకదు. ఇలా రాసి చూడండి:

"నా భర్త చనిపోయిన తర్వాత 2021 వరకు పెద్ద కొడుకు ఇంట్లో ఉన్నాను. 2021 జూన్‌లో ఇల్లు నా పేరు నుంచి అతని పేరుకు మార్చాను. ఆ తర్వాత సంక్రాంతికి నన్ను చెల్లెలి ఇంట్లో దింపి వెళ్లాడు. మళ్లీ తీసుకెళ్లలేదు. అప్పటి నుంచి డబ్బు పంపలేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు."

పండగలు, చావులు, పెళ్లిళ్లు పెద్దవాళ్లకు తారీఖుల కంటే బాగా గుర్తుంటాయి. "అప్పుడు చిన్నదాని సీమంతం అయ్యింది" అంటే మీరు నెల లెక్కగట్టి రాసుకోండి.

చివర్లో ఏం కావాలో ఒక్కొక్కటి విడిగా రాయండి. నెలకు ఎంత, వైద్యం ఎవరు చూపించాలి, ఎక్కడ ఉండాలనుకుంటున్నారు, ఇచ్చిన ఆస్తి వెనక్కి కావాలా. ఒక వాక్యం మాత్రం మర్చిపోకండి: "విచారణ పూర్తయ్యేలోగా మధ్యంతర భరణం ఇప్పించగలరు." విచారణ నడుస్తుండగానే నెలనెలా కొంత ఇమ్మని ఆదేశించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. అడగాలి.

సంతకం రాకపోతే వేలిముద్ర సరిపోతుంది. మంచంలో ఉన్నవాళ్లైతే వాళ్లు అధికారం ఇచ్చిన మనిషి గానీ స్వచ్ఛంద సంస్థ గానీ వాళ్ల తరఫున పెట్టొచ్చు. ట్రిబ్యునల్ తనంతట తాను కూడా కేసు తీసుకోవచ్చు.

ఎక్కడ ఇవ్వాలి, ఏం జత చేయాలి

ఇప్పుడు ఉంటున్న జిల్లాలో గానీ, అంతకుముందు చివరిగా ఉన్న జిల్లాలో గానీ, పిల్లలు ఉంటున్న చోట గానీ పెట్టొచ్చు. పెద్దవాళ్లకు ఏది దగ్గరైతే అదే ఎంచుకోండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆర్డీవో ఆఫీసులోనే ట్రిబ్యునల్. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చినా అక్కడి నుంచి ఇక్కడికే పంపుతారు. నేరుగా ఇస్తే ఒక మజిలీ తగ్గుతుంది.

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, డాక్టరు చీటీలు, బిల్లులు, ఖర్చు లెక్క కాగితం. ఆస్తి విషయం ఉంటే దస్తావేజు నకలు, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం). ఎంతమంది మీద పెడుతున్నారో అన్ని సెట్లు, ఆఫీసుకు ఒకటి, మీకు ఒకటి. మీ కాపీ మీద ముద్ర వేయించుకుని ఇన్‌వర్డ్ నంబరు రాయించుకోకుండా అక్కడి నుంచి కదలొద్దు. మేం మొదటిసారి ఇచ్చిన కాగితం "కనపడట్లేదండీ" అన్నారు. చేతిలో నంబరు లేకపోవడంతో మళ్లీ మొదటి నుంచీ తిరిగాం.

కోర్టుల్లోలా ఆస్తి విలువను బట్టి ఫీజు కట్టే పని లేదు. లాయరూ అక్కర్లేదు. ఇక్కడ లాయర్లు వాదించకూడదని చట్టంలోనే ఒక సెక్షన్ పెట్టారు. అది చెల్లదని కేరళ హైకోర్టు 2021లో తీర్పు ఇచ్చింది కాబట్టి ఎదుటివాళ్లు లాయర్ని వెంటబెట్టుకొస్తే కంగారు పడకండి. మీ తరఫున మాట్లాడటానికి మెయింటెనెన్స్ ఆఫీసర్ అని ప్రభుత్వమే ఒకరిని పెడుతుంది. అర్జీ ఇచ్చిన రోజే ఆయనెవరో అడిగి ఫోన్ నంబరు తీసుకోండి.

అసలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 14567కి ఫోన్ చేయండి. వృద్ధుల హెల్ప్‌లైన్, ఉచితం, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. దేశమంతా ఉన్న ఈ లైన్ మొదట హైదరాబాద్‌లోనే మొదలైంది. తెలుగులోనే మాట్లాడతారు.

వాయిదా రోజు

నోటీసు అందిన రోజు నుంచి 90 రోజుల్లో తేల్చాలి. తప్పనిసరైతే ఒక్కసారి మాత్రం మరో 30 రోజులు పొడిగించొచ్చు. ఇది చట్టం మాట. ఆఫీసులో ఎలక్షన్ డ్యూటీలు, తుఫాను పనులు అడ్డం పడి ఆలస్యాలు జరుగుతూనే ఉంటాయి. 90 దాటితే ఆ గడువు గుర్తుచేస్తూ ఒక చిన్న లెటర్ ఇవ్వండి, దానికీ ముద్ర వేయించుకోండి.

ముందు రాజీకి పంపవచ్చు. దానికి నెల గడువు. ఇక్కడ జాగ్రత్త. ఆఫీసులో అందరి ముందూ కొడుకు కన్నీళ్లు పెట్టుకుని "అమ్మా, పద ఇంటికి" అంటాడు. ఆవిడ కరిగిపోతుంది. తప్పేం లేదు, వెళ్లనివ్వండి. కానీ వెళ్లేముందు షరతులు కాగితం మీద పడాలి: ఏ గదిలో ఉంటుంది, మందులు ఎవరు కొంటారు, చేతి ఖర్చుకు నెలకు ఎంత, ఏ తారీఖున బ్యాంకులో వేస్తాడు. ఇద్దరి సంతకాలూ అయ్యాక ఆ ఒప్పందం మీదే ఆర్డర్ వేయమని అడగండి. "రాజీ అయ్యింది, అర్జీ వెనక్కి తీసుకుంటున్నాను" అని ఒట్టిగా రాసిచ్చి వెళ్లిపోతే, మూడు నెలల తర్వాత మళ్లీ మొదటి అర్జీ నుంచే మొదలు.

కొడుకు కావాలనే రాకుండా తిరుగుతుంటే ఎదురుచూడక్కర్లేదు. అతను లేకుండానే విచారించి ఆర్డర్ వేయొచ్చు.

ఆర్డర్ వచ్చాక మూడు నెలల మెలిక

ఆర్డర్ కాపీ డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. ఆర్డర్ వచ్చిన 30 రోజుల్లోగా డబ్బు కట్టాలి. మొదటి నెల వేస్తారు, రెండో నెల వేస్తారు, తర్వాత ఆపేస్తారు. ఇది మామూలే. పెద్దవాళ్లు ఏం చేస్తారంటే, "ఈ నెల పిల్లల ఫీజులున్నాయేమోలే" అని ఊరుకుంటారు. నెలలు గడిచిపోతాయి.

కట్టని డబ్బు వసూలు చేయడానికి వారంటు కావాలంటే, ఆ డబ్బు కట్టాల్సిన రోజు నుంచి మూడు నెలల్లోగా అడగాలి. ఏడాది బాకీ పేరుకున్నాక వెళ్తే పాత నెలలకు వారంటు రాదు. గడువులోగా అడిగితే మాత్రం ట్రిబ్యునల్ జరిమానాలాగా డబ్బు వసూలు చేయించగలదు. వారంటు అమలు చేశాక కూడా బాకీ మిగిలితే, ఆ బాకీ ఉన్న ఒక్కో నెలకు నెల రోజుల దాకా, లేదా ఆ డబ్బు కట్టేదాకా జైలు వేయగలదు. అందుకే ప్రతి నెలా 10వ తారీఖు దాటగానే పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించండి. పడని నెల పక్కన పెన్నుతో గుర్తు పెట్టండి. రెండు గుర్తులు పడ్డాయంటే ఆఫీసుకు వెళ్లాల్సిందే.

ఆర్డర్‌లో వేసిన మొత్తం చాలకపోతే 60 రోజుల్లో అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి దాన్ని చూస్తారు. తర్వాత ఎప్పుడైనా ఆరోగ్యం పాడై ఖర్చు పెరిగితే మొత్తం మార్చమని మళ్లీ అడగొచ్చు.

ఆస్తి రాసిచ్చేశాక చూడటం మానేస్తే

పోట్లాటలన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి. ఈ చట్టంలో 23వ సెక్షన్ చాలా పెద్ద ఆయుధం, కానీ దానికి ఒక తాళం ఉంది. చట్టం అమల్లోకి వచ్చిన తర్వాత, తనను చూసుకోవాలన్న షరతు మీద పెద్దవాళ్లు ఆస్తి ఇస్తే, తీసుకున్నవాళ్లు చూడకపోతే, ఆ బదిలీని మోసం చేసి రాయించుకున్నట్టే లెక్కగట్టి ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. దానపత్రం కావచ్చు, సెటిల్‌మెంట్ కావచ్చు, మరో పేరుతో రాసింది కావచ్చు.

తాళం ఏమిటంటే "షరతు మీద" అన్న మాట. మన దస్తావేజు రాసేవాళ్లు "నీ మీద ఉన్న ప్రేమాభిమానముల చేత" అని పాత మూసలో రాసేస్తారు. చూసుకోవాలన్న మాట అందులో ఎక్కడా ఉండదు. షరతు ఉన్నట్టు చూపించకపోతే ఈ సెక్షన్ పనిచేయదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఒక కేసులో చెప్పింది. తర్వాత 2025 జనవరి 2న ఇచ్చిన తీర్పులో పెద్దవాళ్ల మేలు కోసం చేసిన చట్టాన్ని వాళ్లకు మేలు జరిగేలా చదవాలంది. ఆ కేసులో తల్లి గిఫ్ట్ డీడ్ రాసిన రోజే, తల్లిదండ్రులను చివరిదాకా చూసుకుంటానని కొడుకు విడిగా ఒక కాగితం రాసిచ్చాడు. ఆ తల్లికి ఆస్తి తిరిగి దక్కింది. ఇల్లు ఖాళీ చేయించి స్వాధీనం ఇప్పించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని అదే తీర్పులో ఉంది.

కాబట్టి ఇప్పటికే రాసిచ్చేసి ఉంటే ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసి, ప్రతి వాక్యం చదవండి. "నన్ను పోషించవలెను", "జీవితాంతం నివాస హక్కు" లాంటి మాట ఎక్కడున్నా దాని కింద గీత గీయండి. దస్తావేజులో లేకపోతే వేరే కాగితం, ఉత్తరం, పెద్దమనుషుల ఒప్పందం ఏమైనా ఉందేమో బీరువా అంతా వెతకండి. ఏదీ దొరకకపోయినా అర్జీ పెట్టండి, భరణం మాత్రం దీంతో సంబంధం లేకుండా వస్తుంది.

ఇంకా రాయనివాళ్లకు నా మాట: రాయకండి. మీ తదనంతరం పిల్లలకే చెందాలంటే వీలునామా ఉంది, బతికున్నంత కాలం దాన్ని మార్చుకోవచ్చు. తప్పక ఇప్పుడే ఇవ్వాల్సి వస్తే దస్తావేజులో మూడు వాక్యాలు పెట్టించండి. తీసుకునేవాళ్లు నా తిండి, వైద్యం, నివాసం చూడాలి. నేను బతికున్నంత కాలం ఈ ఇంట్లో ఉండే హక్కు నాది. చూడకపోతే 2007 చట్టం 23వ సెక్షన్ ప్రకారం రద్దు చేసుకుంటాను. "అలా రాస్తే పిల్లలు ఏమనుకుంటారు" అని రైటరు అంటాడు. ఫీజు తీసుకునేది మీ దగ్గర కాబట్టి మీరు చెప్పిందే రాయమనండి.

కొడుకుతో పాటు కోడలు కూడా ఆ ఇంట్లో ఉంటే ఖాళీ చేయించడం అంత తేలిక కాదు. గృహహింస చట్టం కింద కోడలికి ఉన్న నివాస హక్కును ఈ చట్టం అడ్డం పెట్టుకుని ఊరికే తీసేయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి చోట మాత్రం లాయర్ సలహా తీసుకోండి.

కొడుతున్నా, వదిలేసి వెళ్లినా

అర్జీ, వాయిదాలు అంటూ ఆగొద్దు. 112కి ఫోన్ చేయండి. చూసుకోవాల్సిన మనిషి పెద్దవాళ్లను ఎక్కడో వదిలేసి వెళ్లిపోతే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం. స్టేషన్‌లో "ఇది మీ ఇంటి గొడవ" అంటే 24వ సెక్షన్ పేరు చెప్పండి.

70 దాటినవాళ్లైతే ఈ పనుల మధ్యలోనే ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా చేయించేయండి. 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఇస్తున్నారు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. ఆధార్ చాలు. హాస్పిటల్ ఖర్చు ఎవరు పెట్టాలన్న గొడవ వాయిదాల్లో కొంత తగ్గుతుంది.

పెద్దమ్మకు నెలకు 6,000 ఆర్డర్ అయ్యింది. మేం అడిగింది 8,500. అప్పీలుకు వెళ్దామంటే ఒప్పుకోలేదు. పాస్‌బుక్ మాత్రం ప్రతి నెలా నా చేత ప్రింట్ వేయిస్తుంది. డబ్బు పడిన లైను మీద వేలు పెట్టి, పక్కన వాడి పేరు ఇంగ్లీషులో ఉంటే "ఏమని ఉందిరా?" అని చదివించుకుంటుంది.